బోర్డు వైపు డొక్క

మా సర్జరీ సార్ పోయాడని శ్రీధర్ ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు పక్కన జిగణి దగ్గర ఒక కొట్టంలో, ఈనలేక అవస్థ పడుతున్న గేదె వెనక నిలబడి ఉన్నాను. నా చెయ్యి ఖాళీ లేదు కాబట్టి ఫోను నా చెవికి ఆనించి పట్టుకున్నది ఆ గేదె యజమాని. "గురువుగారు ఇక లేరు" అన్నాడు శ్రీధర్, టీవీలో వార్తలు చదివేవాళ్ళలా గొంతు తగ్గించి. శ్రీధర్ నా క్లాసుమేటు. దూడ కాలు దొరికినట్టే దొరికి జారిపోతుంటే నాకు దుఃఖం రాలేదు. ఇంటికొచ్చి, స్నానం చేసి, కాఫీ తాగుతూ తీరిగ్గా ప్రయత్నించినా రాలేదు. సంతాప సభ పెట్టామనీ, నేను తప్పకుండా మాట్లాడాలనీ, నాలుగు మంచి మాటలు చాలనీ తర్వాత మెసేజ్ పెట్టాడు. ఆ మనిషి గురించి ఒక్క మంచి మాట దొరుకుతుందేమోనని సభ రోజు దాకా వెతికాను. ఆయన చొక్కా ఇస్త్రీ ఎప్పుడూ నలిగేది కాదు. అంతకు మించి దొరకలేదు. పశువులకు ఆపరేషన్ చెయ్యడం నేర్పే మనిషి చొక్కా ఇస్త్రీ నలగకపోవడం మెప్పో తప్పో మీరే తేల్చుకోండి.

మా కాలేజీ సర్జాపుర దారిలో ఉండేది. ఇప్పుడు లేదు. పశువుల మీద ప్రేమ పొంగిపొర్లే ఒక ట్రస్టు దాన్ని పెట్టింది. చుట్టుపక్కల భూముల ధర పెరిగాక ఆ ప్రేమ ఎటు పోయిందో తెలియదు. ఉన్నన్నాళ్ళూ అక్కడ చూడదగ్గది గేటు ఒక్కటే. ఇనుప నందులు రెండు అటూ ఇటూ కూర్చుని, పైన బంగారు రంగు అక్షరాలతో బ్రహ్మాండంగా ఉండేది. గేటు దాటితే అన్నీ రేకుల షెడ్లు. వాన వస్తే అనాటమీ పాఠం వినపడేది కాదు, ఎండ వస్తే ఫార్మకాలజీ పాఠానికి నిద్ర వచ్చేది. వినపడినా, మేలుకున్నా పెద్ద తేడా ఉండేది కాదనుకోండి. పాత నోట్సులను పసుపుపచ్చగా మారేదాకా చదివి వినిపించడాన్ని వాళ్ళు బోధన అనేవారు. మా మగపిల్లలు దాన్ని చదువు అనుకునేవారు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు కుక్కలకు పుట్టినరోజు కేకులు కూడా అమ్మే ఆసుపత్రులు నడుపుతున్నారు. లోపల సన్నగా సంగీతం వస్తుంటుంది. పిల్లికి గోళ్ళు కత్తిరించి, ఆ పనికో ఇంగ్లీషు పేరు పెట్టి బిల్లు వేస్తారు.

నేను నగర్తపేటలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను. అనంతపురం వైపు నుంచి ఎప్పుడో తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కింద పెద్దనాన్న ప్లాస్టిక్ కవర్ల హోల్‌సేల్ దుకాణం, పైన ఇల్లు. మెట్ల నిండా కవర్ల కట్టలే. ఇల్లంతా కొత్త ప్లాస్టిక్ వాసన, దాని మీద పెద్దమ్మ వేసే ఇంగువ తిరగమోత వాసన. ఆ వాసనను వాళ్ళెవరూ వాసన అనుకునేవారు కాదు. వాసన అంటే నా దగ్గర వచ్చేదే. సాయంత్రం నేను బస్సు దిగి సందులోకి తిరగగానే పెద్దమ్మకు పైనుంచే తెలిసిపోయేదట. వెనక మెట్ల మీదుగా రావాలి, దేన్నీ తాకకుండా నేరుగా బచ్చలింట్లోకి వెళ్ళాలి, అక్కడ నాకోసం విడిగా పెట్టిన బకెట్లో బట్టలు నానబెట్టాలి, తలస్నానం చేసి బయటికి రావాలి. అప్పటిదాకా కాఫీ లేదు. "మనుషుల డాక్టరు సీటు రాక ఈ సదువుకి పోతివి, సరే. ఆ పేడ కంపు నా వంటింట్లోకి తేవద్దు" అనేది పెద్దమ్మ, రోజూ, అదే మొదటిసారి అంటున్నంత ఓపిగ్గా. అదే పెద్దమ్మ ఎవరైనా ఇంటికొస్తే "మా పిల్ల డాక్టరు సదువుతుండాది" అని చెప్పి, ఏ డాక్టరని వాళ్ళు అడిగేలోపు లేచి వంటింట్లోకి పోయేది. నా చదువు ఆ ఇంట్లో సగం మాట వరకే గౌరవమైనది.

రాత్రి భోజనం అయ్యాక పెద్దనాన్న అరటిపండు తినేవాడు. ఆ తొక్క కోసం నేను పక్కన కాచుకుని కూర్చునేదాన్ని. దాన్ని బ్లేడుతో చీల్చి, సూదీదారంతో మళ్ళీ కుట్టడం నా అభ్యాసం. ఇందులోనూ మా సార్ ఏర్పాటు ఒకటుంది. కుట్లు నేర్చుకోవడానికి మగపిల్లలకు మాంసం కొట్ల నుంచి మేకకాళ్ళు, చర్మం ముక్కలు తెప్పించేవాడు. మా క్లాసులో ఉన్న ఇద్దరు ఆడపిల్లలకు, అంటే నాకూ లీలకూ, అరటితొక్కలూ చేతిరుమాళ్ళూ చాలన్నాడు. మేము ఎలాగూ పెళ్ళి చేసుకుని, మహా అయితే కుక్కపిల్లలకు టీకాలు వేసుకుంటామని ఆయన లెక్క. ఆ మాట క్లాసులో నవ్వుతూ చెప్పాడు, మగపిల్లలు నవ్వారు, శ్రీధర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. లీల కోలారు పక్క పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఇంట్లో ఆవుల మధ్య పెరిగింది, పశువు చెవి పట్టుకుని చూసి జ్వరం చెప్పేది. ఆవు పొట్ట కోసి బాగుచెయ్యడం నేర్చుకోవాలని, అందుకే ఇంత దూరం వచ్చానని నాతో చెప్పేది. నాకూ అదే కావాలి. ఆ కాలేజీలో నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఒక్కసారి నా చేత్తో కత్తి పట్టుకుని పెద్ద పశువును కొయ్యాలి. అది లేకుండా బయటికొస్తే పట్టా ఉన్నా నేను డాక్టరును కానని నాకు తెలుసు.

ఆపరేషన్ షెడ్డులో నాకూ లీలకూ ఇచ్చిన పని తోక పట్టుకోవడం. ఆవును ఇనుప గొట్టాల చట్రంలోకి తోలి, నిలబెట్టే కోసేవాళ్ళం. దాన్ని ట్రెవిస్ అంటారు. ఆవు కదలకుండా, తోకతో పేడ చిమ్మకుండా వెనకాల నిలబడి ఎవరో ఒకరు తోక పైకెత్తి పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరం ఎప్పుడూ మేమే. ఆవు వెనక నిలబడితే ఏం మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. బెంగళూరు ఆవులకు అప్పట్లో అన్నింటికంటే ఎక్కువగా చేసే ఆపరేషన్ ఒకటే. చెత్తకుప్పల మీద మేసి పొట్ట నిండా ప్లాస్టిక్ కవర్లు నింపుకుని, ఉబ్బిపోయి వచ్చేవి. ఎడమ డొక్క కోసి, లోపలున్న పెద్ద పొట్టను తెరిచి, చెయ్యి పెట్టి ఆ చెత్తంతా లాగాలి. పెద్ద పొట్ట ఎడమవైపే ఉంటుంది. ఇది మొదటి ఏడాది పాఠం. కానీ మా షెడ్డులో ఎడమ, కుడి అనే మాటలే వాడేవారు కాదు. ఆవును ఎప్పుడూ ఒకే తలుపు నుంచి తోలేవారు, దాని ముఖం ఎప్పుడూ నీళ్ళ తొట్టి వైపు ఉండేది, నల్లబోర్డు ఎప్పుడూ దాని ఎడమ పక్కన పడేది. అందుకని "బోర్డు వైపు గొరగండి", "బోర్డు వైపు మత్తు ఇవ్వండి" అనేవాడు సార్. పరీక్షల్లో కూడా కొందరు మహానుభావులు బోర్డు వైపు డొక్క అని రాశారు. దాన్ని సార్ కొట్టెయ్యలేదు.

ఒక రోజు ట్రస్టు అధ్యక్షుడు ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. కాలేజీ పుస్తకంలో వెయ్యడానికి సార్ ఆపరేషన్ చేస్తున్న ఫోటో కావాలి. సార్ అప్పటికి కత్తి పట్టి చాలా కాలమైంది. పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పేవాడు, పెద్ద క్లాసు మగపిల్లలు కోసేవారు. ఆ రోజు మాత్రం కొత్త చేతితొడుగులు వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు. ఆపరేషన్‌కు వచ్చిన ఎర్రావు నరసమ్మది. కదిరి వైపు నుంచి కూలికి వచ్చి, జిగణిలో కడుతున్న ఫ్యాక్టరీ పక్కన రేకుల గుడిసెలో ఉండేది. భర్త పరంజా మీద నుంచి పడి నడుము పోగొట్టుకున్నాక ఆ ఆవు పాలే ఆ ఇంటికి అన్నం. మేత మానేసిన ఆవును ఎవరో చెబితే అంతదూరం నడిపించుకుని వచ్చింది. షెడ్డు బయట గోడకు ఆనుకుని కూర్చుని, లోపలికి పోయేవాళ్ళను ఒక్కొక్కరినీ అడుగుతోంది. నన్నూ అడిగింది. "మా ఎర్రావు బతుకుతాదా అమ్మా?" నేను తోక పట్టుకునేదాన్నని ఆమెకు తెలియదు. బతుకుతుందని చెప్పాను.

ఫోటోగ్రాఫర్‌కు వెలుతురు నచ్చలేదు. నీళ్ళ తొట్టి వైపు చీకటిగా ఉంది, ఆవు ముఖం పడదన్నాడు. దాంతో సార్ ఆవును అవతలి చివరనున్న తలుపు నుంచి తోలించాడు. ఆవు ఎదురు దిక్కుకు తిరిగి నిలబడింది. మగపిల్లలు అలవాటు ప్రకారం బోర్డు వైపు గొరిగారు, బోర్డు వైపు మత్తు సూదులు వేశారు, బోర్డు వైపు గుడ్డ కట్టారు. నేను వెళ్ళి తోక పట్టుకున్నాను. ఆవు వెనక నిలబడ్డవాళ్ళకు దాని ఎడమ మన ఎడమే. రోజూ నా ఎడమచేతి వైపు ఉండే బోర్డు ఆ రోజు కుడిచేతి వైపు ఉంది. ఒక్క క్షణం నా తలే తిరిగిందనుకున్నాను. తర్వాత చెప్పాను. "సార్, అది కుడి డొక్క." గట్టిగానే చెప్పాను. సార్ కత్తి ఎత్తి పట్టుకుని కెమెరా వైపు చూస్తున్నాడు. తోక పట్టుకున్నవాళ్ళు తోక సంగతి చూసుకుంటే చాలని ఇంగ్లీషులో అన్నాడు. అధ్యక్షుడు నవ్వాడు. కెమెరా మెరిసింది. కోశాడు.

చర్మం, కండ, లోపలి పొర అన్నీ అయ్యాక, నిండుగా ఉబ్బిన పెద్ద పొట్ట ఎదురవ్వాల్సిన చోట పేగులు జారి వచ్చాయి. ఆ క్షణంలో మా సార్ ముఖం చూసే భాగ్యం నాకు కలగలేదు, ఆవు నడుము అడ్డం. ఆయన గొంతు సవరించుకుని, విద్యార్థులకు ముందు పేగులు ప్రత్యక్షంగా చూపించడం మంచిదనిపించి ఇటు తెరిచానన్నాడు. అందరూ దగ్గరికొచ్చి చూడమన్నాడు. వాళ్ళు వచ్చి చూశారు. శ్రీధర్ అయితే తల ఊపుతూ నోట్సు కూడా రాసుకున్నాడు. మనుషులు ఇంతగా సాగిలపడగలరని నాకు ఆ రోజే తెలిసింది. అధ్యక్షుడు చాలా బాగుందని మెచ్చుకుని, ఇనుప నందుల మధ్య నుంచి కారులో వెళ్ళిపోయాడు. పెద్ద క్లాసు పిల్లలు పేగులు లోపలికి సర్ది, కుట్లు వేశారు.

ఆవు జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పొట్ట ఉబ్బే ఉంది, నోటి నుంచి నురగ కారుతోంది. అసలు ఆపరేషన్ ఇంకా మొదలవ్వలేదు. సార్ కుళాయి దగ్గర సబ్బు అరిగిపోయేలా చేతులు కడుక్కుంటున్నాడు. రెండుసార్లు కోసిన ఆవు బతకదనీ, చచ్చేది ఆయన చేతిలో చావకూడదనీ ఆయన నిశ్చయించుకున్నట్టు నాకు అర్థమవుతూనే ఉంది. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఆయనది చిత్తూరు వైపు. కోపం వస్తేనే తెలుగు వచ్చేది. "అంత తెలిసినదానివి, నువ్వే కొయ్యి. ఈ కేసు నీదే" అన్నాడు. ఆ చివరి మాట క్లాసంతటికీ వినిపించేలా అన్నాడు. ఆవు చస్తే అది నా పేరు మీద చస్తుంది. సర్జరీలో నన్ను ఆయన పాస్ చెయ్యడు. అంతా తెలిసే తోక వదిలాను. లీల వచ్చి పట్టుకుంది.

ఎడమ డొక్క నేనే గొరిగి, మత్తు సూదులు వేసి, కత్తి ఆనించాను. అరటితొక్క కంటే ఆవు తోలు ఎంత మందమో అప్పుడు తెలిసింది. మొదటి గీత తోలు మీద గోరుగాటంత కూడా పడలేదు. వెనక నుంచి శ్రీధర్ కిసుక్కున నవ్వాడు. రెండోసారి బలంగా ఒత్తాను. ఒక్కొక్క పొర విడిపోతుంటే, తోక దగ్గర నుంచి ఇన్నాళ్ళూ మెడ చాచి చూసినదంతా వరసగా కళ్ళముందుకు వచ్చింది. పెద్ద పొట్టను బయటికి లాగి, అంచులు చర్మానికి కుట్టి, తెరిచాను. పులిసిన కుడితి వాసన ముఖానికి కొట్టింది. చెయ్యి లోపలికి పెట్టాను. మోచెయ్యి దాటి, భుజం దాకా వెళ్ళింది. కాగిన నీళ్ళ బానలో చెయ్యి పెట్టినట్టుంది. ఒక్కసారి ఆ పొట్ట గోడ నా చేతిని బిగించి పట్టుకుని, వదిలింది. అది బతికి ఉందని అంత దగ్గరగా ఎవరూ నాకు చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఆ షెడ్డులో ఎవరికీ కనపడకుండా ఆవు డొక్కకు చెంప ఆనించి ఏడుస్తూనే కవర్లు లాగాను. చీరల దుకాణాల కవర్లు, స్వీటు కొట్ల కవర్లు, తాళ్ళు, ముద్దలు ముద్దలుగా వచ్చాయి. సార్ దూరం నుంచి ఇంగ్లీషులో "ఇంకా లోపలికి" అంటున్నాడు, ఎటు లోపలికో ఆయనకే తెలియాలి.

ఆవు బతికింది. కొన్నాళ్ళకు కుట్లు చూపించడానికి తెచ్చినప్పుడు నరసమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి అందరికీ చూపించింది. "వేరే తావుల్లో ఒకపక్కే కోస్తారంట. మా పెద్దసారు రెండు పక్కలా సూసినాడు" అని మురిసిపోయింది. నేను నోరు తెరిచేలోపే సార్ వినయంగా తలవంచాడు. నరసమ్మ ముఖంలో వెలుగు చూసి ఊరుకున్నాను, ఆయన మీద దయతో కాదు. ఆపరేషన్ జరిగిన రోజు సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో భోజనాల దగ్గర ఆవు పొట్టలోంచి వచ్చినదంతా చెప్పాను. పెద్దనాన్న అన్నం కలుపుతూ, ఆ కవర్లు మందంగా ఉన్నాయా పల్చగా ఉన్నాయా అని అడిగాడు. పల్చగానే ఉన్నాయన్నాను. "అయితే మనవి కావులే" అని తృప్తిగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెద్దమ్మ తిండి దగ్గర ఆ మాటలేమిటని విసుక్కుంది. నేను మొదటిసారి డాక్టరునైన రోజున నా ఇంట్లో జరిగిన ఉత్సవం అంతే.

ఆ తర్వాత లీల సార్ గదికి వెళ్ళి, తనకూ ఒక కేసు ఇమ్మని అడిగింది. ఆడవాళ్ళకు ఒకసారి ఇచ్చాం కదా అన్నాడట. చదువు అయిపోయేదాకా ఆయన నోట అదే మాట. లీల తోక పట్టుకుని పట్టుకుని పట్టా తీసుకుంది, పశువుల మందుల కంపెనీలో చేరింది. నేను ఆనేకల్, జిగణి పల్లెల్లో తిరుగుతూ ఆవులను కోస్తూనే ఉన్నాను. ఇప్పటికీ కొయ్యబోయే ముందు ఆవు వెనక్కి వెళ్ళి, తోక దగ్గర నిలబడి ఒకసారి చూసుకుంటాను. నాతో వచ్చే కుర్ర డాక్టర్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, వాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళు. వీడియోలో ఆవు ఎప్పుడూ ఒకే వైపు నిలబడి ఉంటుంది.

సంతాప సభ శ్రీధర్ ఉండే అపార్టుమెంట్ల క్లబ్ హౌసులో పెట్టారు. ఆ అపార్టుమెంట్లు మా కాలేజీ స్థలంలోనే లేచాయి. ఇనుప నందులను మాత్రం ఉంచారు, వాటి మధ్య నుంచి ఇప్పుడు వానకోటు తొడుక్కున్న కుక్కలు షికారుకు వెళ్తుంటాయి. హాల్లో సార్ ఫోటోకు దండ వేశారు. ఆ రోజు తీసిన ఫోటోనే, కత్తి ఎత్తి పట్టుకున్నది. ఆ వెనకాల తోక పట్టుకున్న చెయ్యి ఒకటి కనపడుతోంది, నాదే. ఒక్కొక్కరూ లేచి ఆయనవి బంగారు చేతులన్నారు. శ్రీధర్ అయితే ఇంకాస్త ముందుకు వెళ్ళి, ఆడపిల్ల చేతికి కత్తి ఇచ్చిన విశాల హృదయుడని, అందుకు సాక్ష్యం మన మధ్యే ఉందని నన్ను వేదిక మీదికి పిలిచాడు. వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. కుడి డొక్క, పేగులు, సబ్బు, అన్నీ. ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. సార్ దగ్గర శిష్యులకు ఎంత చనువుండేదో చూడండి అన్నాడు శ్రీధర్ మైకులో, కళ్ళు తుడుచుకుంటూ. అసహ్యం వేసి దిగి వచ్చేశాను.

భోజనాల దగ్గర లీల నా పక్కకు వచ్చి నిలబడింది. నవ్వనిది తనొక్కతే. జుట్టు పూర్తిగా నెరిసింది. నేనన్నది తప్పా అని అడిగాను.

"తప్పేముందే. తోక పట్టుకుని నేనూ ఉంటిని కదా" అంది. "కోపంలో ఇచ్చెనో, బయపడి ఇచ్చెనో, నీకైతే కత్తి వచ్చె. నాకు రాలేదు."

ఇన్నేళ్ళూ ఆ రోజును తలచుకున్నప్పుడల్లా నాకు కనపడింది సార్ ఒక్కడే. నేను వదిలిన తోకను ఎవరు పట్టుకున్నారో చెబుతూనే వచ్చాను గానీ, ఆ తోక మళ్ళీ ఎవరి చేతికీ మారలేదని ఆలోచించనేలేదు. లీల కాగితం ప్లేటును ఎడమచేతిలోకి మార్చుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"లోపల ఎంత వేడిగా ఉంటాదే?"

చాలా వేడిగా ఉంటుందని చెప్పాను. మొదట చెయ్యి వెనక్కి తీసుకుందామనిపిస్తుందనీ, తర్వాత తీయబుద్ధి కాదనీ చెప్పాను. లీల తల ఊపి, ఖాళీగా ఉన్న కుడిచేతిని ఒకసారి తెరిచి చూసుకుంది. గోడ మీద దండ వెనక ఆయన కత్తి ఎత్తి పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. అప్పటిదాకా ఆ మనిషంటే నాకున్నది చులకన ఒక్కటే. ఆ రోజు మొదటిసారి ఒళ్ళు మండింది.